టామ్‌వర్తు పాటల పండుగ

ఆస్ట్రేలియా ఖండమును గూర్చి మన విద్యార్థులను ప్రశ్నించినయెడల గొఱ్ఱెలు, ఉన్ని, గోధుమ, బంగారు గనులు, కంగారూ మృగము, క్రికెట్టు ఆట అని వెంటనే ఏకరువు పెట్టుదురు. ఇవి యన్నియు సత్యములే. కాని యొక దేశపు జనుల మనస్సును తెలిసికొనుటకు వారి పంటల పట్టిక చాలదు. వారు పని చాలించి సాయంకాలమున ఏమి పాడుకొందురో కూడ వినవలెను. అందుచేత ఆ దేశపు పల్లెపాటలను గూర్చియు, వాటి కొఱకు ఏటేట జరుగుచున్న యొక గొప్ప ఉత్సవమును గూర్చియు మా చదువరులకు కొంత తెలుప నుద్దేశించితిమి.

న్యూ సౌత్ వేల్సు రాష్ట్రములో, సిడ్నీ మహానగరమునకు ఉత్తరముగా సుమారు 400 కిలోమీటర్ల దూరమున, పీల్ అను నది యొడ్డున టామ్‌వర్తు పట్టణము కలదు. అనాదిగా అది కామిలరోయి అను ఆదివాసుల దేశము. నేడు పట్టణపు జనసంఖ్య 40 వేలకు కొంచెము పైబడి యుండును. చుట్టును గొఱ్ఱెల మందలు, పశువుల మేతబీళ్లు, ధాన్యపు పొలములు. 1888వ సంవత్సరమున అచ్చటి పురపాలక సంఘమువారు తమ వీధులలో విద్యుద్దీపములు వెలిగించిరి. ఆ ఖండమున నట్లు చేసిన మొదటి పట్టణము తమదే యని వారికి గర్వము. ఈ యొక్క విశేషము తప్ప చాలకాలము ఆ పట్టణమును గూర్చి దూరపువారు చెప్పుకొనదగినది లేకుండెను. ఇప్పుడో, జనవరి మాసపు ఉత్తరార్ధమున పదిదినములు పదులవేల జనము కార్లలోను, ఇల్లువలె అమర్చిన బండ్లలోను అచ్చటికి వచ్చి, నది యొడ్డున గుడారములు వేసికొని, తెల్లవారినది మొదలు అర్ధరాత్రి వఱకు పాటలు వినుచుందురు.

మన బాలబాలికలు ఒక సంగతి మఱవకుందురు గాక. భూమధ్యరేఖకు దక్షిణమున నున్న దేశము గనుక, మనము చలికి దుప్పటి కప్పుకొను జనవరి మాసమే వారికి నడివేసవి. బడులకు పెద్ద సెలవులు కూడ అప్పుడే. ఎండలో నిలువబడి పాడువారును, ఎండలో నిలువబడి వినువారును ఉందురు. వెడల్పాటి అంచుగల టోపీ యచ్చట అలంకారము మాత్రమే కాదు.

ఇంతటి కీర్తి ఒక సామాన్యపు పట్టణమునకు ఎట్లు వచ్చెను? దానికి మూలము రేడియో. టామ్‌వర్తులో టూ టీ ఎమ్ అను రేడియో కేంద్ర మొకటి యుండెను. 1960వ దశకములో పల్లెప్రాంతములకు టెలివిజన్ వచ్చుటతో సాయంకాలపు శ్రోతలు ఆ క్రొత్త పెట్టెముందు చేరిరి. పోయిన వారిని మరల రప్పించుటకు కేంద్రమువారు రాత్రులందు ఒక్కొక్క విధమైన సంగీతమునకు ఒక్కొక్క కార్యక్రమమును ఏర్పాటు చేసిరి. వాటిలో 1965లో ఆరంభమైన హోడౌన్ అను కంట్రీ సంగీతపు కార్యక్రమము, జాన్ మిన్సన్ అను ప్రసారకుని నిర్వహణమున, తక్కినవాటి నన్నిటిని మించిపోయెను.

ఇందులో ప్రకృతిశాస్త్రపు పాఠ మొకటి యిమిడియున్నది. మీడియం వేవ్ అను మధ్యతరంగములు పగటివేళ నేలవెంబడి కొంతదూరము మాత్రమే పోవును. ఆకాశమున మిక్కిలి యెత్తున సూర్యకిరణములచేత విద్యుదావేశము పొందిన పొరలు కలవు. వాటిలో అడుగుపొర పగలంతయు ఈ తరంగములను మ్రింగివేయుచుండును. సూర్యు డస్తమించినంతట ఆ అడుగుపొర కరిగిపోవును. అప్పుడు తరంగములు పైపొరదాక పోయి, అద్దమునకు తగిలిన వెలుతురువలె క్రిందికి మరలి, వందల కిలోమీటర్ల దూరమున నేలకు దిగును. రాత్రివేళ రేడియో ముల్లు త్రిప్పగా ఎక్కడెక్కడి కేంద్రములో వినవచ్చుట మన పెద్దలకు అనుభవమే. ఆ విధముగానే టామ్‌వర్తు పాటలు తూర్పు ఆస్ట్రేలియా యంతటను, పొరుగిల్లు కనబడని పొలములలో దీపము పెట్టుకొని కూర్చున్న కుటుంబములకును, రాత్రంతయు లారీ నడుపు డ్రైవర్లకును చేరెను. తమవంటివారు మఱికొందఱు ఆ చీకటిలోనే ఆ పాటనే వినుచున్నారని వారికి తెలిసెను. వినువారు ఇందఱున్నారని కేంద్రమువారికిని తెలిసెను.

1969లో కేంద్రమువారు తమ పట్టణమును కంట్రీ సంగీత రాజధాని యని ప్రకటింప మొదలిడిరి. తనకు తానే రాజధాని యని పేరు పెట్టుకొనుట సాహసమే గాని, ఆ పేరునకు తగిన పని కూడ వారు చేసిరి. అదివఱకే స్థానిక సంగీతాభిమానుల సంఘ మొకటి గాయకులను పిలిపించి కచేరీలు జరుపుచుండెను. 1973వ సంవత్సరము జనవరిలో, ఆస్ట్రేలియా దినపు సెలవు కలిసి వచ్చిన వారాంతమున, ఆ దేశపు గాయకులకును రచయితలకును బహుమానములు ఇచ్చు సభ నడిపిరి. బహుమానము చిన్న బంగారు వన్నె గిటారు. ఆనాటి వారాంతమే పెరిగి పెరిగి నేటి పదిదినముల పండుగ యయ్యెను. 1988లో పట్టణపు దక్షిణపు దారిలో ఆ గిటారు రూపమునే 12 మీటర్ల యెత్తున నిలిపిరి. పట్టణమునకు వచ్చువారికి మొదట కనబడునది ఆ గిటారే. దాని యందమును గూర్చి మేము తీర్పు చెప్పజాలము. దూరమునుండి కనబడుట మాత్రము నిశ్చయము.

ఇక ఆ పాటల సంగతి. ఇంగ్లండు, ఐర్లండు, స్కాట్లండు దేశములనుండి వెళ్లినవారు తమ పాత రాగములను వెంట తీసికొనిపోయిరి. గొఱ్ఱెల ఉన్ని కత్తిరించువారు, పశువులను నెలలతరబడి తోలుకొనిపోవువారు, బంగారము త్రవ్వువారు ఆ రాగములకు తమ కష్టసుఖములను మాటలుగా అమర్చుకొనిరి. వీటిని బుష్ బల్లడ్లు అందురు. అడవిసీమ కథాగేయము లని మనము చెప్పవచ్చును. ఆ దేశమంతటికిని తెలిసిన వాల్ట్‌జింగ్ మాటిల్డా అను పాట 1895లో బాంజో ప్యాటర్సన్ అను కవి క్వీన్స్‌లాండులోని యొక గొఱ్ఱెల క్షేత్రమున వ్రాసినది. ఆ యింట నున్న క్రిస్టీనా మాక్‌ఫర్సన్ అను నామె తాను విని జ్ఞాపకముంచుకొన్న యొక రాగమును వాయించి వినిపింపగా, దానికి సరిపడ మాటలు కట్టెను.

తరువాత గ్రామఫోను వచ్చెను. అమెరికా దేశపు పశుపాలకుల పాటలు ప్లేట్ల రూపమున ఆస్ట్రేలియా పొలములు చేరెను. కుఱ్ఱవాండ్రందఱు ఆ పాటలను అనుకరింప సాగిరి. న్యూజిలాండులో పుట్టిన టెక్స్ మోర్టన్ అను యువకుడు 1936లో సిడ్నీలో తన పాటలను రికార్డు చేయించెను. గిటారు మీటుచు, నడుమ నడుమ యోడల్ చేయుచు పాడెను. యోడల్ అనగా నిండు కంఠస్వరమునుండి ఒక్కసారిగా సన్నని పైస్వరమునకు ఎగిరి మరల క్రిందికి దిగుట. విను టకు తేలికగా నుండును. ప్రయత్నించినవారికి దాని కష్టము తెలియును.

అనుకరణమునుండి స్వంత మాటకు వచ్చిన తీరు ఒక్క మనుష్యుని జీవితములో చక్కగా కనబడుచున్నది. డేవిడ్ గోర్డన్ కిర్క్‌పాట్రిక్ అను నతడు 1927లో కెంప్సీ ప్రాంతమున జన్మించి, పాల పశువుల క్షేత్రములో పెరిగెను. పదియేండ్ల ప్రాయమున మొదటి పాట వ్రాసెను. అది యొక అమెరికా కౌబాయి మరణమును గూర్చినది. ఆ బాలుడు అట్టి మరణమును చూచినవాడు కాడు, ఆ దేశమును చూచినవాడును కాడు. మరుసటి యేట స్లిమ్ డస్టీ అని తనకు పేరు పెట్టుకొనెను. ఎనిమిదేండ్లు గడచిన తరువాత, 1945లో, జూలై మాసపు వాన తమ లోయలో కుఱియుటను, ఏఱు పొంగుటను గూర్చి వేఱొక పాట వ్రాసెను. 1946లో అది ప్లేటుగా వచ్చెను. ఆ ఏటిగట్టున పెరిగినవాడు వ్రాసినదని వినువారికి తెలియుచుండెను. అమెరికా గిటారును, అమెరికా బాణీని విడువకయే, మాటలలోనికి తన వానను, తన బురదను తెచ్చుకొనెను. ఆస్ట్రేలియా పల్లెపాట ఆ విధముగా తన కాళ్లపై నిలిచిన దని మా యభిప్రాయము.

1957లో ఆయన పాడిన మద్యము లేని మద్యశాల పాట దేశములను దాటి ప్రసిద్ధి కెక్కెను. దానిని వ్రాసినవాడు గోర్డన్ పార్సన్స్. దాహముతో వచ్చినవా రందఱు అంగడిలో సరకు లేదని విని కూలబడిపోవుదురు. మద్యపాన విసర్జనమును బోధించు మావంటివారికి అట్టి యంగడి ఊరికొక్కటి యుండిన బాగుండు ననిపించును గాని, పాటలోని వారి దుఃఖము మాత్రము నవ్వు పుట్టించును.

స్లిమ్ డస్టీ భార్య జాయ్ మెకీన్. చిన్ననాటనే పోలియో వ్యాధికి గుఱియై, దానిని ఓర్చి నిలిచిన ధీరురాలు. 1954 మొదలు ఈ దంపతులు కారునకు బండి తగిలించుకొని ఊరూర తిరిగి పాడిరి. 1964లో ప్రారంభించిన పెద్ద యాత్ర పది నెలలపాటు, సుమారు 48 వేల కిలోమీటర్ల మేర సాగెను. రాత్రివేళ దారిలో ఎదురుగా వచ్చు లారీల దీపములు కన్నులకు కొట్టుట ఆమెకు నిత్యానుభవము. ఆ యనుభవమునుండి లారీ డ్రైవరు పాట యొకటి వ్రాసెను; కొండమీది దీపములు అని దాని పేరు. 1973లో మొట్టమొదటి బంగారు గిటారు ఈ పాటకే, దానిని వ్రాసిన ఈమెకే దక్కినది. దారిలో మరణించిన లారీ డ్రైవర్ల కొఱకు క్వీన్స్‌లాండులోని గాటన్ పట్టణమున కట్టిన స్మారకమునకు ఈ పాట పేరే పెట్టిరి. ఒక పాటకు బంగారు గిటారుకంటె ఇది గొప్ప బహుమాన మని మాకు తోచుచున్నది.

ఉత్సవదినములలో పట్టణము ఎట్లుండునో చూతము. హోటళ్లలోను, క్లబ్బులలోను, పెద్ద సభామందిరములోను టిక్కెట్టు కచేరీలు జరుగును. నది ప్రక్కనున్న తోటలో రాత్రులు ఉచిత కచేరీలు జరుగును. ఉదయమున కవుల ఫలాహార సభలు ఉండును. అనగా రొట్టె, తేనీరు తీసికొనుచుండగా ఒక్కొక్కరే లేచి కథాపద్యములను కాగితము చూడకుండ అప్పజెప్పుదురు. ప్యాటర్సన్, లాసన్ మొదలైన పాత కవుల పద్యములును, తమ స్వంత పద్యములును వినిపింతురు. పద్యము కంఠస్థము చేయుట పాతకాలపు శిక్ష యని తలంచు మన పిల్లలు ఈ సంగతి గమనింతురు గాక. వరుసలుగా నిలిచి అడుగులు వేయు నృత్యములును, ఫిడేలు, అకార్డియన్, మౌతార్గానులతో జంటలు ఆడు బుష్ నృత్యములును కలవు. ఈ బుష్ వాద్యబృందములలో కొన్ని వింత వాద్యములు కనబడును. ఒక కఱ్ఱకు సీసాల రేకు మూతలను వదులుగా మేకులతో కొట్టి, నేలకు తాటించి తాళము వేయుదురు. తేయాకు వచ్చిన ఖాళీ పెట్టెను తలక్రిందులు చేసి, దానికి కఱ్ఱయు త్రాడును తగిలించి, మంద్రస్వరము పలికింతురు. డబ్బులేనివాడు పాట మానుకొనలేదని వీటివలన తెలియుచున్నది.

కాని పండుగకు గుండెకాయ పీల్ వీధి. ఆ దినములలో ఆ వీధిలోనికి బండ్లను రానీయరు. ఇరువైపుల కాలిబాటలపై వీధిగాయకులు నిలిచి పాడుదురు. వీరిని బస్కర్లు అందురు. ఎనిమిదేండ్ల పిల్లవాడు తన యెత్తుకు మించిన గిటారుతో ఒకచోట. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, తండ్రి కలిసిన కుటుంబము మఱియొకచోట. నెరసిన గడ్డముతో పాత పాటలు పాడు పశువుల కాపరి వేఱొకచోట. వీరు ముందుగా పురపాలక సంఘమువారికి పేరిచ్చి, ఏర్పాటు చేసిన చోటులలో, నియమించిన వేళలలో మాత్రమే పాడవలెను. తెఱచిన గిటారు పెట్టెలో జనులు తమ కిష్టమైనంత వేయుదురు.

ఈ వీధి ఎంత కఠినమైన పాఠశాలయో ఆలోచింపుడు. సభామందిరములో టిక్కెట్టు కొన్నవాడు పాట నచ్చకున్నను కూర్చుండును. వీధిలో నడచువాడు ఎవనికిని బాకీపడలేదు. పది యడుగుల అవతల మఱియొకరు పాడుచున్నారు. ఆ పాట వచ్చి ఈ పాటమీద పడుచుండును. ఎండ మండుచుండును. ఒక్క చరణము ముగియులోపల పోవువాని కాలు ఆగవలెను, లేనియెడల అతడు పోయినట్లే. ఎవరు ఆగిరి, ఎవరు సాగిపోయిరి, ఏ మాటవద్ద నవ్విరి అన్నది గాయకునికి అప్పటికప్పుడే తెలియును. తంతి తెగినయెడల తంతి కట్టుకొనుచునే కథ చెప్పవలెను. బల్లలమీద కూర్చున్న పిల్లలు లేచిపోజాలరు గనుక మావంటి ఉపాధ్యాయులకు ఈ పరీక్ష లేదు. ఉండినచో మా పాఠములు ఇంకను బాగుపడునేమో.

నేటి దినములలో పాట వినుటకు ఇల్లు కదలనక్కరలేదు. ప్రతివాని చేతిలోని ఫోనులో లోకములోని పాటలన్నియు కలవు. అట్లుండగా వందల కిలోమీటర్లు ప్రయాణము చేసి, గుడారములో దోమలతో పండుకొని, ఆ పాటలనే వినుట ఎందులకు? ఫోనులోని పాట ఎన్నిసార్లు విన్నను ఒక్కటే. అది మనలను ఎఱుగదు. ఎదుట నిలిచి పాడువాడో, ముందువరుసలో కన్నీరు పెట్టుకొన్న ముసలమ్మను చూచి తరువాతి పాట మార్చుకొనును. మన తిరునాళ్లలో బుఱ్ఱకథ వినినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. అదియుగాక, దూరదూరపు పొలములలో నొంటరిగా బ్రదుకు జనులకు సంవత్సరమున కొక్కమారు తమవంటివారి నడుమ కూర్చుండుటయే గొప్ప యుపశమనము.

1979లో ఆరంభమైన స్టార్ మేకర్ అను యువగాయకుల పోటీ కూడ ఈ పండుగలో భాగమే. 1990లో దానిని గెలిచిన కీత్ అర్బన్ తరువాత అమెరికా వెళ్లి జగత్ప్రసిద్ధు డయ్యెను. అమెరికా ప్లేట్లు విని పాట నేర్చిన దేశము అమెరికాకే గాయకుని పంపుట చమత్కారము కాదా!

ఆదివాసులను విడిచి ఈ పాటల చరిత్ర చెప్పుట న్యాయము కాదు. పశువులను తోలిన పనివారిలో వారు ఎందఱో కలరు. ఆ దేశపు గమ్ చెట్టు ఆకును క్రింది పెదవికి ఆనించి, బిగువుగా పట్టి ఊదినచో దాని అంచు అదరి సన్నని స్వరము పలుకును. మనము జామాయిలు, నీలగిరి అని పిలుచు చెట్లు ఈ జాతివే గనుక మన పిల్లలును ప్రయత్నింపవచ్చును. మిషను స్థలములలోని ఆదివాసులు ఈ ఆకులతోనే కీర్తనలు వాయించుచుండిరి. వల్లగా సరస్సువారి ఆకువాద్య బృందము 1932లో సిడ్నీ రేవు వంతెన ప్రారంభోత్సవమున నడచుచు వాయించెను. 1937లో కమ్మెరగంజా మిషనులో పుట్టిన జిమ్మీ లిటిల్, ప్రార్థనను పరలోకపు టెలిఫోనుగా వర్ణించు పాట పాడి 1963లో దేశమంతటను పేరు పొందెను. ఆదివాసులను దేశపు జనసంఖ్యలో చేర్చరాదను రాజ్యాంగ నిబంధన 1967వఱకు తొలగలేదని తలంచునప్పుడు ఆ సంగతి మనస్సును కలచును. ఇంటింట పాట వినబడుచుండెను. పాడినవాడు మాత్రము ఆ లెక్కలోనివాడు కాడు. తరువాతి తరములో ట్రాయ్ కాసర్-డేలీ బాల్యముననే టామ్‌వర్తు వీధిలో నిలిచి పాడి, పెద్దవాడై బంగారు గిటారులు అనేకము సంపాదించెను.

పండుగకు కష్టకాలములును రాకపోలేదు. 2019లో ఆ ప్రాంతమును ఘోరమైన అనావృష్టి పీడించెను. పట్టణమునకు నీరిచ్చు చాఫీ ఆనకట్టలో నీరు ఐదవవంతునకు తక్కువకు దిగెను. ఇండ్లలో తోటలకు నీరు పోయుట నిషేధించిరి. ఊరివారికే నీరు చాలనప్పుడు వేలకొలది అతిథులను పిలువవచ్చునా? ఇది సులభమైన ప్రశ్న కాదు. పిలువకున్నచో అంగళ్లకు, హోటళ్లకు, కూలివారికి ఆ సంవత్సరపు జీవనాధారము పోవును. పొలములు ఎండి అదివఱకే చేతిలో డబ్బు లేదు. చివరకు నీటిని మిక్కిలి జాగ్రత్తగా వాడుకొనుచు 2020 జనవరిలో ఉత్సవము జరిపిరి. వారు చేసినది సరియే యని మేము తలంచుచున్నాము. వానపాటలను ఆ యేట జను లెట్టి మనస్సుతో వినియుందురో చదువరులే ఊహింపగలరు.

అనావృష్టి ఆపలేని పండుగను అంటువ్యాధి ఆపెను. కోవిడు కారణమున 2021లో ఉత్సవము నిలిచిపోయెను. 2022లో జనవరినుండి ఏప్రిలునకు మార్చిరి. అచ్చట ఏప్రిలు శరత్కాలము, సాయంకాలములు చల్లబడును, టోపీలతోపాటు కోటులును కావలసివచ్చెను. అది యేబదియవ ఉత్సవము. మొదటి బంగారు గిటారు గ్రహించిన జాయ్ మెకీన్ ఆ మరుసటి సంవత్సరము, 2023లో, కాలధర్మము నొందెను. ఆమె భర్త 2003లోనే గతించియుండెను. 2023 జనవరిలో పండుగ మరల తన పాత వేళకు వచ్చెను. పీల్ వీధిలో బండ్లు ఆగెను, కాలిబాటలమీద గిటారు పెట్టెలు తెఱచుకొనెను.